మన్ను లేచి నిలబడితే

మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే తోవలో, జైపూర్ ఇంకా రాకముందే చిమ్నీ కనబడుతుంది. పెగడపల్లి దగ్గరి సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం అది. 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. 500 మెగావాట్లకు తగ్గని యూనిట్ల పొగ 275 మీటర్ల ఎత్తున గాలిలో కలవాలని మన దేశంలో నియమం పెట్టారు, ఊళ్ల మీద పడకుండా. మా ఇంటికి కొత్తగా వచ్చే చుట్టాలకు తోవ చెప్పాల్సిన పని లేదు. చిమ్నీని చూసుకుంటూ రమ్మంటే చాలు.

ఆ చిమ్నీ కొనకు ఎక్కి చూస్తే ఎంత దూరం కనబడుతుంది? భూమి గుండ్రం కాబట్టి చూపు ఎక్కడో ఒకచోట నేలను తాకి ఆగిపోతుంది. దీనికి తేలికైన లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నేల మీద నిలబడ్డ మనిషి కన్ను 1.6 మీటర్ల ఎత్తున ఉంటుంది, చూపు నాలుగున్నర కిలోమీటర్లు పోతుంది. అదే కన్ను 10 మీటర్ల ఎత్తున ఉంటే 11 కిలోమీటర్లు. 275 మీటర్ల మీది నుంచి 59.

ఈ లెక్కలో వర్గమూలం ఉండటమే అసలు సంగతి. చూపు రెండింతలు కావాలంటే ఎత్తు నాలుగింతలు పెంచాలి. మొదటి పది మీటర్లు ఇచ్చినంత లాభం ఆ తర్వాతి పది మీటర్లు ఇవ్వవు. పాతకాలపు బురుజులు చాలావరకు ఎనిమిది, పది, పన్నెండు మీటర్ల దగ్గరే ఎందుకు ఆగాయో ఇప్పుడు తెలుస్తుంది. వాళ్లకు చేతకాక కాదు. పదాతి దళం గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తుంది. 11 కిలోమీటర్ల దూరంలో దుమ్ము లేవడం కనబడితే రెండు గంటలకు పైగా గడువు దొరికినట్టే. పశువులను లోపలికి తోలుకోవడానికి, చెలకలో ఉన్నవాళ్లను కేకేయడానికి, తలుపులు మూసి గడియ పెట్టడానికి అది సరిపోతుంది. నలభై మీటర్ల బురుజు కడితే ఇంకో రెండున్నర గంటలు కలిసొస్తాయి, నిజమే. కానీ ఆ ఎత్తున మట్టి నిలవదు.

మన చిమ్నీ చుట్టూ 59 కిలోమీటర్ల గీత గీస్తే అందులో రెండు వేల ఏళ్లు దాటిన కోట పట్టణాలు పడతాయి. ఒకటి గోదావరికి దక్షిణపు ఒడ్డున, పెద్దవాగు వచ్చి కలిసేచోట ఉన్న కోటిలింగాల. ఇంకొకటి పెద్దపల్లి వైపు, హుస్సేన్‌మియా వాగు పక్కనున్న ధూళికట్ట. రెండింటికీ చిమ్నీ నుంచి గాలిలో కొలిస్తే నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. రెంటినీ 1970లలో, 80ల మొదట్లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. రెంటికీ మట్టికోటలు. కోటిలింగాలలో దొరికిన నాణేలు శాతవాహనుల మొదటి రాజు చిముకుణ్ణి పురాణాల పుటల్లోంచి నేల మీదికి దించాయి. అంతకు ముందు ఎవరూ పేరు కూడా వినని గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే రాజులను కూడా ఆ నాణేలే పరిచయం చేశాయి. ధూళికట్టలో కోటతో పాటు బౌద్ధ స్తూపం బయటపడింది. బుద్ధుడి పాదాలకు పడగ పట్టిన ముచిలింద నాగుడి పలక ఆ స్తూపానిదే.

రోమన్ రచయిత ప్లినీ క్రీస్తు శకం 77లో తన సహజ చరిత్ర గ్రంథంలో ఆంధ్రుల గురించి నాలుగు ముక్కలు రాశాడు. వాళ్లకు లెక్కలేనన్ని ఊళ్లూ, గోడలూ బురుజులూ ఉన్న ముప్పై పట్టణాలూ, లక్ష మంది కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని ఆ మాటల సారం. అంతకు మూడున్నర శతాబ్దాలకు పైగా ముందే పాటలీపుత్రానికి వచ్చిన మెగస్తనీస్ రాతల్లోంచి ఈ వివరం తీసుకున్నాడని పండితులు భావిస్తారు. ఆ ముప్పైలో ధూళికట్ట ఒకటని మన చరిత్రకారులు చెబుతుంటారు. ప్లినీ మాత్రం పట్టణాల పేర్లు ఇవ్వలేదు. నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది ఆ ముప్పై అనే అంకె కాదు, బురుజులు అన్న మాట. ఎక్కడో మధ్యధరా సముద్రపు ఒడ్డున కూర్చున్న మనిషికి మన గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు, ఇది పల్లె కాదు పట్టణం అని నమ్మించడానికి గోడ ఒక్కటీ చాలలేదు. బురుజు కూడా కావలసి వచ్చింది.

గోడ ఉన్నాక బురుజు ఎందుకు? చాలామంది ఎత్తు కోసం అనుకుంటారు. ఎత్తు సగం మాటే. మిగతా సగం బురుజు గోడలోంచి బయటికి పొడుచుకు రావడంలో ఉంది.

తిన్నటి గోడ మీద నిలబడ్డ కాపలావాడికి దూరమంతా కనబడుతుంది, తన కాళ్ల కిందనున్న గోడ మొదలు ఒక్కటే కనబడదు. శత్రువు అక్కడిదాకా వచ్చి గోడకు ఒరిగి నిలబడితే ఇక వాడికి ఏ భయమూ లేదు. నెమ్మదిగా కన్నం పెట్టుకోవచ్చు. వాణ్ణి కొట్టాలంటే పైవాడు నడుముదాకా బయటికి వంగాలి. వంగిన మరుక్షణం కింది నుంచి బాణం తగులుతుంది. గోడ కొన్ని అడుగులు బయటికి పొడుచుకు వస్తే చిక్కు విడిపోతుంది. పక్క బురుజు మీదున్నవాడికి గోడ మొదలంతా అడ్డంగా, గీత గీసినట్టు కనబడుతుంది. ఒక బురుజు కింది చోటును పక్క బురుజు కాస్తుంది. ఏ బురుజూ తనను తాను కాపాడుకోలేదు.

చైనావాళ్లు ఇలా పొడుచుకు వచ్చిన బురుజును గుర్రం ముఖం అంటారు. కోటగోడను పక్క నుంచి చూస్తే లాయంలోంచి గుర్రాలు వరుసగా తలలు బయటపెట్టినట్టే ఉంటుంది. ఆ దేశపు షాన్‌షీ రాష్ట్రంలో షిమావ్ అనే చోట 4,000 ఏళ్ల నాటి రాతిగోడల పట్టణం ఉంది. దాని గోడల్లోనే ఈ గుర్రం ముఖాలు, మూల బురుజులు బయటపడ్డాయి. చైనా భాషలో నగరానికీ కోటగోడకూ ఒకటే మాట, చెంగ్. నగరం అనగానే గోడ గుర్తుకొచ్చే మాట అది. మన బురుజు అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. అది రాకముందు కొత్తళం అనేవాళ్లం, సంస్కృతంలో అట్టాలకం.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండు బురుజుల మధ్య ఎంత దూరం ఉండాలి?

కౌటిల్యుడి అర్థశాస్త్రం ముప్పై దండాలు అంటుంది. దండం అంటే నాలుగు మూరలు, సుమారు ఆరడుగులు. ముప్పై దండాలంటే 54 మీటర్లు. ఇది పుస్తకంలోని మాట, కట్టిన కోటలు ఏం చెబుతాయో చూద్దాం. మెగస్తనీస్ పాటలీపుత్రం పొడవు 80 స్టేడియాలు, వెడల్పు 15, బురుజులు 570, ద్వారాలు 64 అని చెప్పాడు. స్టేడియం 185 మీటర్లనుకుంటే చుట్టుకొలత 35 కిలోమీటర్లు. 570తో భాగిస్తే ఒక్కో బురుజుకు 62 మీటర్లు. కౌటిల్యుడి అంకెకు దగ్గరే. చైనాలోని పింగ్‌యావ్ కోట చుట్టు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, బురుజులు 72. భాగిస్తే 85 మీటర్లు. ఓరుగల్లు రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, బురుజులు 45. చుట్టుకొలత లెక్కేసి భాగిస్తే 84. షియాన్ నగరపు కోటగోడలో బురుజులు 98, ఎడం 120 మీటర్లు.

ఓరుగల్లు తాపీవాడూ పింగ్‌యావ్ తాపీవాడూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అయినా ఇద్దరూ దాదాపు ఒకే దూరానికి వచ్చి ఆగారు. కారణం మనిషి భుజం. గురి చూసి, దెబ్బ తగిలేలా వేసిన బాణం అరవై మీటర్ల నుంచి వంద మీటర్ల లోపే పనిచేస్తుంది. అంతకు మించి పోతుంది గానీ గురి ఉండదు. షియాన్‌లో 120 మీటర్ల ఎడం అంటే రెండు బురుజుల మీది విలుకాళ్లు చెరిసగం, అరవై అరవై పంచుకున్నారన్నమాట. కౌటిల్యుడి 54 మీటర్లలో ఒక్కో బురుజు మీదివాడు పక్క బురుజు దాకా మొత్తం దూరాన్ని కొట్టగలడు. గోడలో ఏ చోటైనా ఇద్దరి గురిలో ఉంటుంది. ఖర్చు రెండింతలు, భద్రతా రెండింతలు. విల్లు సాగే దూరం నగరం చుట్టుకొలతలో ఇలా అచ్చుపడింది. తర్వాత ఫిరంగి వచ్చి ఈ లెక్క మొత్తాన్ని మార్చేసింది.

పాటలీపుత్రం గోడ కర్రది. మొగలి రేకుల్లా పక్కపక్కన పాతిన దుంగలు పట్నా దగ్గర తవ్వకాల్లో నిజంగానే బయటపడ్డాయి. కౌటిల్యుడు మాత్రం కోటకు కర్ర వాడొద్దని గట్టిగా చెప్పాడు, కర్రలో నిప్పు కాపురముంటుందని. ఆ హెచ్చరిక ఎంత నిజమో చైనా బురుజులను చూస్తే తెలుస్తుంది. అక్కడ కింది కోట మట్టిది, పైన మేడ కర్రది. ఊహాన్ నగరంలో యాంగ్‌ట్సీ నది ఒడ్డున పసుపుకొంగ మేడ అని ఒకటుంది. 223లో సున్ చువాన్ అనే రాజు కాలంలో శత్రువుల పడవలను కనిపెట్టడానికి కట్టిన కావలి మేడ అది. యుద్ధం వెనక్కు పోయాక కవులు ఎక్కడం మొదలుపెట్టారు, చైనా మొత్తానికి పేరు తెలిసింది. ఎన్నోసార్లు కాలింది, ఎన్నోసార్లు కట్టారు. 1884లో మళ్లీ కాలిపోయాక వందేళ్ల దాకా మేడ లేదు. ఆ చోట్లోకి యాంగ్‌ట్సీ మీది వంతెన వచ్చింది. ఇప్పుడున్నది 1985లో తెరిచిన కాంక్రీటు మేడ, పాతచోటికి కిలోమీటరు దూరంలో. ఒక్క పాత కర్ర లేదు, పాత చోటు లేదు, పేరు మాత్రం ఉంది. జనం దాన్నే పసుపుకొంగ మేడ అంటున్నారు, అంటారు కూడా. నాకు అందులో తప్పేమీ కనబడదు. నిప్పు తినలేనిది ఆ పేరొక్కటే.

మట్టి కాలదు. రెండు వేల ఏళ్ల కిందటి మనవాళ్లు మట్టిని ఎంచుకోవడంలో పేదరికం కంటే తెలివి ఎక్కువ ఉంది.

పొడి మట్టిని కుప్పపోస్తే అది ఒక వాలుకు వచ్చి ఆగుతుంది, అంతకంటే నిట్టనిలువుగా నిలవదు. ఓసీల (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల) పక్కన ఓబీ గుట్టలు, అంటే బొగ్గు మీది నుంచి తీసి పోసిన మట్టి గుట్టలు, చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. డంపర్ ఎంత పోసినా వాలు మారదు, గుట్ట అడుగు మాత్రమే వెడల్పవుతుంది. కోటగోడ అలా ఉంటే శత్రువు నడిచి ఎక్కి వస్తాడు. మట్టి గోడలా లేవాలంటే దాన్ని కొట్టాలి. చైనావాళ్లు రెండువైపులా పలకలు బిగించి, మధ్యలో జానెడు కంటే తక్కువ మందాన మట్టి పోసి, దిమ్మిసలతో కొట్టి, దాని మీద ఇంకో పొర పోసేవాళ్లు. ఝెంగ్‌ఝౌలో ఏడు కిలోమీటర్ల గోడను 3,500 ఏళ్ల కిందట ఇలాగే లేపారు. అర్థశాస్త్రం ఏనుగులతో, ఎద్దులతో తొక్కించమంటుంది. ఏనుగు పాదం కంటే మంచి దిమ్మిస ఏముంటుంది!

కొట్టేటప్పుడు మట్టిలో ఏం జరుగుతుంది? రేణువుల మధ్య గాలి ఉంటుంది. దెబ్బకు రేణువులు ఒకదాని పక్కకు ఒకటి జరిగి ఆ గాలిని బయటికి తోసేయాలి. ఎండుమట్టిలో రేణువులు ఒరుసుకుని జరగవు. కాస్త నీళ్లు చల్లితే సబ్బు రాసినట్టు జారి సర్దుకుంటాయి. ఇంకా చల్లితే గాలి ఉండాల్సిన చోట నీళ్లే నిండిపోతాయి. నీటిని కొడితే నలగదు, దెబ్బ వృథా. ఈ రెండింటికీ నడుమ ఒక సరైన తడి ఉంటుంది. అమెరికాలో మట్టి ఆనకట్టలు కడుతున్న ఇంజినీరు ప్రాక్టర్ 1933లో దీనికి ప్రయోగశాల పరీక్ష రాశాడు. మన జైపూర్‌లో రోడ్డు వేసినా, గోదావరి మీద కరకట్ట కట్టినా ఈనాటికీ ఆ పరీక్షే. ప్రయోగశాల లేని చోట ఇంకో పరీక్ష ఉంది. తడిపిన మట్టిని పిడికిట పట్టి ముద్ద చేసి, భుజం ఎత్తు నుంచి నేల మీదికి వదలాలి. ముద్దే కట్టకపోతే నీళ్లు చాలలేదు. కిందపడి పేడలా అతుక్కుంటే ఎక్కువయ్యాయి. నాలుగైదు పెచ్చులుగా పగిలితే కొట్టడం మొదలుపెట్టొచ్చు.

అన్ని మట్టులూ పనికిరావు. రేగడి ఎండితే అరచేయి పట్టేంత పగుళ్లిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. బురుజుకు అది పగ. కొంచెం బంక, కొంచెం ఇసుక, కొంచెం మొరం కలిసిన ఎర్రచెలక మట్టి కావాలి. ఆ మట్టిని దూరం నుంచి తేనక్కర్లేదు. గోడ బయట అగడ్త తవ్వితే వచ్చిన మట్టే లోపల గోడవుతుంది. ఒక గడ్డపార వేటుకు గొయ్యి లోతూ గోడ ఎత్తూ రెండూ పెరుగుతాయి.

ఎంత పని అది? పొడవూ వెడల్పూ పదేసి మీటర్లు, ఎత్తు ఎనిమిది మీటర్లు ఉన్న బురుజు ఒకటి ఊహించుకుందాం. 800 ఘనమీటర్లు. కొట్టిన మట్టి ఘనమీటరు 1.8 టన్నులు తూగుతుంది, మొత్తం 1,440 టన్నులు. తట్టకు ఇరవై కిలోల చొప్పున 72,000 తట్టలు. ఒక్క బురుజుకు! ఓసీలో తిరిగే 100 టన్నుల డంపర్‌కు ఇది పదిహేను ట్రిప్పులు, ఒక షిఫ్టు కూడా పట్టదు. కానీ మన గనుల్లో తట్టా చెమ్మస్ (పార) పట్టి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల ఇళ్లలో ఈ లెక్క చెబితే 72,000 అంటే ఏమిటో వెంటనే అర్థమవుతుంది. అది అంకె కాదు, మెడ మీద నరం. కోటిలింగాల నాణేల మీద రాజుల పేర్లు ఉన్నాయి. తట్ట మోసినవాళ్ల పేరు ఎక్కడా లేదు, కానీ ఆ గడ్డ మొత్తం వాళ్లదే.

ఇంత కొట్టిన మట్టి ఎంత గట్టిదో ఓరుగల్లు చూపించింది. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం ముట్టడించినప్పుడు బయటి మట్టికోట ఎదురైంది. ఆ యుద్ధాన్ని రాసిన అమీర్ ఖుస్రో ఢిల్లీ పక్షపు కవి, కాకతీయులను పొగడాల్సిన పని ఆయనకు లేదు. అయినా ఉక్కు బల్లెం కూడా ఆ మట్టిలో దిగదని, యంత్రంతో విసిరిన రాతిగుండు పిల్లలాడుకునే కాయలా ఎగిరి వెనక్కు వస్తుందని ఆశ్చర్యపోయాడు. రాతిగోడకు గుండు తగిలితే దెబ్బ అలలా లోపలికి పాకి, అతుకు దగ్గర పగుల్చుతుంది. మట్టిగోడలో అతుకు లేదు. తగిలినచోట కాస్త లోపలికి నలిగి, ఆ నలగడంలోనే దెబ్బ బలాన్ని తినేస్తుంది. బయట మట్టికోట, లోపల రాతికోట అన్న కాకతీయుల వరస ఊరికే వేసింది కాదు.

మరి ఇంత గట్టి మట్టికి శత్రువెవరు? వాన.

కొట్టి ఆరిన మట్టి పూర్తిగా పొడిగా ఉండదు. రేణువు రేణువుకు నడుమ కంటికి ఆనని నీటి బిందువులు మిగిలి, తలతన్యతతో ఆ రేణువులను దగ్గరికి లాగి పట్టుకుంటాయి. గోదావరి ఇసుకలో పిల్లలు గుళ్లు కట్టేది ఈ బలం మీదనే. తడి ఇసుక నిలుస్తుంది, పొడి ఇసుక జారుతుంది, అల వచ్చి ముంచితే గుడి కరుగుతుంది. నీరు నిండగానే బిందువు బిందువుగా ఉండదు, లాగే బలం పోతుంది. అంటే బురుజును నిలబెట్టేదీ నీరే, కూల్చేదీ నీరే. తేడా పాళ్లలో ఉంది.

పింగ్‌యావ్ గురించి ఇందాక చెప్పాను. ఆ ఊరున్న షాన్‌సీ చైనా మొత్తానికి బొగ్గు గని, అంటే మనలాంటి నేల. అక్కడి కోటగోడ 1370లో తిరిగి కట్టింది. లోపల కొట్టిన మట్టి, బయట ఇటుక తొడుగు. 72 బురుజులు కన్ఫ్యూషియస్ ముఖ్య శిష్యులనీ, 3,000 గోడ పళ్లు ఆయన మొత్తం శిష్యులనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2021 అక్టోబరులో ఆ రాష్ట్రంలో రోజుల తరబడి వానలు పడ్డాయి. అరవై బొగ్గు గనులు మూతపడ్డాయి. ఆ వానకే పింగ్‌యావ్ గోడ లోపలివైపు పాతిక మీటర్ల మేర జారి కూలింది. వార్త చదివినప్పుడు నాకు మన ఓసీలు గుర్తుకొచ్చాయి. ముసురు పట్టి మూడు రోజులైతే ఇక్కడా బొగ్గు ఆగుతుంది, ఓబీ గుట్టలు జారతాయేమోనని కనిపెట్టుకుని ఉంటారు. ఆ గోడకూ ఈ గుట్టకూ సూత్రం ఒకటే.

కోటిలింగాలలో నీళ్లు పై నుంచి కాక పక్క నుంచి వచ్చాయి. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నిండితే వెనక నీళ్లు ఆ గడ్డ దాకా ఎక్కుతాయి. ఆ నీళ్లు మనకు కావాలి, ఈ చుట్టుపక్కల పొలాలూ ఊళ్లూ కార్ఖానాలూ వాటి మీద ఆధారపడ్డాయి, నేను కాదనను. కానీ నీళ్లు ఎక్కి దిగే ప్రతిసారీ మట్టి ఒకసారి నాని ఒకసారి ఎండుతుంది. మట్టి కట్టడానికి శాశ్వతంగా మునిగి ఉండటం కంటే ఇదే చేటు. తవ్వి చూసిన మట్టి కంటే తవ్వని మట్టి ఎన్నో రెట్లు మిగిలి ఉన్న చోటది. వేసవిలో నీళ్లు వెనక్కు పోయిన రోజుల్లో ఆ అంచుల కొలతలు, ఫొటోలు ఏటేటా తీసి పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అది జరగాలని నాకు గట్టిగా ఉంది.

ధూళికట్ట వైపు ముప్పు ఇంకో రకం. పాత ఊరి దిబ్బల మట్టిని మన రైతులు పాటిమన్ను అంటారు. శతాబ్దాల బూడిద, పేడ, ఎముకల పొడి కలిసిన మన్ను కాబట్టి చేనుకు మంచి బలం. బండ్ల కాలం నుంచీ తోలుకుంటున్నారు, ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి. తెలంగాణలో ఎన్ని పాటిగడ్డలు ఇలా వరిలో కలిసిపోయాయో.

మన తోవల్లో ఎక్కడైనా చేల నడుమ ఒక గట్టు తిన్నగా పోతూ పోతూ, మూల తిరిగేచోట కారణం లేకుండా ఉబ్బి గుండ్రమై కనబడితే ఆగి చూడండి. చెరువు కట్ట మూల తిరగదు, వంపు తిరుగుతుంది. మూల దగ్గర ఉబ్బేది కోట. వాన కోసిన గండి ఉంటే దగ్గరికి పోయి చూడాలి. వరద తెచ్చిన మట్టిలో పొరలు నీటి వాలున ఉంటాయి, మధ్యమధ్య ఇసుక చార కనబడుతుంది. మనుషులు కొట్టిన మట్టిలో పొరలు మట్టంగా, కాస్త అటూ ఇటుగా ఒకే మందాన, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. చేత్తో ఏదీ పెకలించకుండా, బొటనవేలు అడ్డంపెట్టి ఒక్క పొర మందం కొలవొచ్చు. ఆ మందం అప్పట్లో దిమ్మిస పట్టిన మనిషి దెబ్బ ఎంత లోతు దాకా మట్టిని అణచగలిగిందో అంత.